మైదా కలవని డోనట్

షాద్‌నగర్
18 జూన్ 2023

రోజారమణి వదినకు,

సుహాసిని నమస్కారాలు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వు. మా ఇంట్లో ఫోన్ మోగితే మా పిల్ల ఉషే ముందు ఎత్తుతుంది, స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటుంది. దాని చెవిన పడకూడని మాటలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అందుకే చీరల మూటతో వారం వారం పట్నం పోయొచ్చే మీ ఊరి బాలకృష్ణ చేతికి ఇస్తున్నాను.

మేలో పెద్ద దవాఖానలో చూపించిన సంగతి మీ తమ్ముడు నీకు సగమే చెప్పి ఉంటాడు. "గోధుమ పడదంట" అని తేల్చేసి ఉంటాడు. పడకపోవడమంటే దద్దుర్లు లేచి తగ్గిపోవడం కాదు వదినా. గోధుమలో గ్లూటెన్ అని ఒక జిగురు ఉంటుంది. అది చిటికెడు లోపలికి పోయినా ఉష పేగులు ఒరుసుకుపోతాయట, తిన్నది ఒంటికి పట్టదట. తొమ్మిదేళ్లు నిండినా పంతొమ్మిది కిలోలే ఉండడానికి, రెండేళ్లుగా అవే గౌన్లు సరిపోవడానికి కారణం ఇదేనట. మందు లేదు. గోధుమ, మైదా, రవ్వ, బిస్కెట్టు జన్మలో ముట్టకపోవడమే మందు. సెప్టెంబర్ చివర మళ్లీ రక్తం చూస్తారు. పేగు ఎంత ఒరుసుకుందో చెప్పే ఆ నంబరు దిగకపోతే గొంతులోంచి గొట్టం వేసి పేగు ముక్క తీస్తామన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మొన్న క్లాసులో గ్రేస్ అనే పిల్ల పుట్టినరోజు. చౌరస్తాలో కొత్తగా తెరిచిన బేకరీ నుంచి డోనట్లు తెచ్చారు, పైన చాక్లెట్ పూసినవి. ఉష ఒకటి సంచిలో దాచుకుని, బడి బాత్రూంలో నిలబడి తిన్నది. మూడు రోజులు పడ్డ అవస్థ నీకు రాయలేను. కోప్పడితే ఒకటే మాట: "అందరు తిన్నరమ్మా. నేనొక్కదాన్నే చూసుకుంట కూసున్న."

ఆ బాత్రూం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. బియ్యప్పిండితో నేనే చేద్దామని కూర్చున్నాను. ఒక వాయి నూనెలో విడిపోయింది, ఇంకో వాయి రాయి. మన చుట్టాలందరిలో పిండి నీ మాట విన్నట్టు ఇంకెవరి మాటా వినదు. గోధుమ లేని డోనట్ ఒక్కటి, నోట్లో పెట్టుకుంటే అది దొంగతనంగా తినాలనిపించనిది, చేసి పంపగలవా? లేకపోతే అది మళ్లీ దాచుకు తింటుంది. నాకు భయంగా ఉంది.

నీ మరదలు
సుహాసిని


కొత్తకోట
25 జూన్ 2023

సుహాసినికి మీ వదిన రాసేది,

నేను పదో తరగతి దాన్ని. మాట్లాడినట్టే రాస్త, నీ డిగ్రీ తీసి తప్పులు దిద్దకు.

నీ ఉత్తరం మా ఆయనకు, గదే మీ అన్నకు, చదివి వినిపిచ్చిన. మగ్గం ఆపి మరీ విన్నడు. పిల్ల బాత్రూంల నిలవడి తిన్నదన్న కాడ లేసి బయటికి పోయిండు. గట్లనా గా తల్లి బతుకు! నువ్వు ఫికర్ వడకు అని రాద్దామనుకున్న గని, రాస్తె నువ్వు పడకుంట ఉంటవా? పడుకుంట ఉండు. నేను పిండి సంగతి చూస్త.

డోనట్ అంటె ఏందో ఫోన్‌ల చూసిన. నడుమ బొక్క ఉన్నదంటె గది మన గారెనే, పట్నం పోయి పేరు మార్చుకున్నది. గంతే అనుకోని బియ్యప్పిండి, బెల్లం కలిపి నూనెల వేసిన. టపాకి లెక్క పేలింది! చెయ్యి మీద నాలుగు బొబ్బలు. "మగ్గం మీద పోగు తెగితె అతుకేస్త, మొఖం కాలితె యాడికెల్లి అతుకెయ్యాలె" అని మీ అన్న ఒకటే నస.

రెండో వాయి పేలలె. పన్నెండు పంపుతున్న. జర గట్టిగున్నయి. ఎట్లున్నయో ఉన్నది ఉన్నట్టు రాయి, మొహమాటం వద్దు.

రోజారమణి


షాద్‌నగర్
9 జూలై 2023

వదినా,

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. కొరకలేకపోయాం. మీ తమ్ముడు పాలలో నానబెట్టుకుని తిన్నాడు. ఉష మాత్రం ఒకదాన్ని గంటసేపు చప్పరించి, "అత్త మంచిగనే చేసింది, నా పండ్లే మంచిగ లెవ్వు" అంది. దాని గుణం అదీ. ఎదుటివాళ్లు బాధపడతారనుకుంటే తన నొప్పి మింగేస్తుంది. అందుకే నాకు దాంతో ఇంత బెంగ.

ఇంకో మాట. తప్పు పట్టుకోకు. నిన్న చపాతీ కాల్చిన పెనం మీద ఇవాళ అట్టు పోసినా చాలట, అందులో అంటుకున్నది చాలట. పిండి పట్టించే గిర్నీలో ముందు ఎవరో గోధుమలు పోసి ఉంటే ఆ పిండి పనికిరాదు. జల్లెడ, గరిటె, నూనె ఏదీ పాతది వాడకు. నేను మా ఇంట్లో గోధుమపిండి డబ్బానే తీసేశాను. రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన మనిషికి చపాతీ లేదని మీ తమ్ముడు సణుగుతున్నాడు. సణగనీ.

చెప్పడం నా వంతు అయింది. చేయడం కష్టమనిపిస్తే వదిలెయ్, నేనేమీ అనుకోను.

సుహాసిని


కొత్తకోట
30 జూలై 2023

సుహాసినీ,

వదిలెయ్యాల్నా! నన్నేమనుకున్నవు?

నువ్వు చెప్పినయన్ని గోడకు రాసి పెట్టుకున్న. కొత్త గ్రైండర్ కొన్న. కొత్త మూకుడు, కొత్త జాలి గంటె, కొత్త నూనె. వంటింట్ల గోధుమ అన్నదే లేకుంట తుడిచి, కడిగి, ముగ్గు కూడ పెట్టిన. మీ అన్న "దేవునికి సుత ఎన్నడు గింత చెయ్యలె నువ్వు" అన్నడు.

ఎట్ల చేసిన్నో చెప్త విను. బియ్యం నానవోసి మెత్తగ రుబ్బి, గుడ్డల మూట గట్టి ఏలాడదీసిన. నీళ్లన్ని కారిపొయ్యి పిండి వెన్న లెక్క అయితది. పాత గుడ్డ ఏదీ వాడలె, నీ మీదొట్టు. ఇంట్ల వాడిన గుడ్డకు ఏం అంటి ఉంటదో ఎవరికెరుక? మీ అన్న చేనేత సొసైటీకి నేసే తెల్ల తువ్వాళ్లల్లకెల్లి అప్పుడే కోసిన ముక్క. మనిషి కట్టలె, నీళ్లు తాకలె. పుట్టిన పిల్లను సుత మనం గసోంటి గుడ్డలనే ఎత్తుకుంటం గద, దానికన్న శుద్ధమైంది ఇంకేముంటది? ప్రతివాయికి కొత్త ముక్కనే కోస్త.

పిండిల ఉడకవెట్టిన చామగడ్డ పిసికిన, జిగురుకు. మందుల దుకాణం ఇసబ్‌గోలు ఒక చెంచ. పొంగనీకి... నువ్వు మొత్తుకోకు... కల్లు. చెట్టు మీదికెల్లి దించంగనే ఎల్లేశం గౌడ్ తెచ్చిచ్చిండు. నూనెల కాలినంక అండ్ల నిషా ఏముండదు, వాసన గూడ రాదు. బిళ్లలు చేసి గదే గుడ్డ మీద పరిచి రెండు గంటలు పెడితె బుగ్గల లెక్క ఉబ్బినయి.

ఇరవై పంపుతున్న. పైన చాక్లెట్ నువ్వే పూయి. ఈసారి పండ్ల మీద నెపం పెట్టనియ్య దాన్ని.

రోజారమణి


షాద్‌నగర్
20 ఆగస్టు 2023

వదినా,

నీకు కోటి దండాలు. కల్లు అని చదవగానే నేను డబ్బా మూత మూసేశాను, మీ తమ్ముడేమో అయితే నాక్కూడా ఒక డజను అన్నాడు. కానీ ఎంత మెత్తగా ఉన్నాయి! వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తున్నాయి. ఉష మొదటిది తినగానే డబ్బాలో మళ్లీ చెయ్యి పెట్టింది. రెండోది తిని నా మెడ పట్టుకుంది. మూడు వారాలుగా శనివారం పొద్దున్నుంచే బాలకృష్ణ బస్సు కోసం కాచుకు కూర్చుంటోంది.

డబ్బాలో పెట్టి బడికి పట్టుకుపోయింది కూడా. గ్రేస్‌కు సగం పెట్టిందట. "మీ అత్త బేకరీ పెట్టిందా?" అని అడిగారట పిల్లలు. ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పింది.

కొంచెం నీరసంగా ఉంటోంది ఈమధ్య. బడిలో పరీక్షలు నడుస్తున్నాయి కదా, ఎండలు కూడా తగ్గలేదు. అంతకుమించి ఏం లేదు. నువ్వు పంపడం ఆపకు.

సుహాసిని


కొత్తకోట
10 సెప్టెంబర్ 2023

సుహాసినీ,

ఈ వారం పాతిక పెట్టిన. ఐదు ఎక్కువున్నయి, గ్రేస్‌కియ్యి.

మొన్న ఫోన్‌ల ఉష గొంతు సన్నగ వినిపిచ్చింది. "ఏమైందే?" అంటె "ఏం కాలె అత్తా, డోనట్లు మస్తున్నయి" అన్నది. నేనేమడిగిన, అదేం చెప్పింది? నువ్వు ఎండలు అన్నవు. ఈడ వారం సంది వాన. నా మనసుల ఏందో గుచ్చినట్టయితాంది. రక్తం చూపిచ్చే దినం దగ్గరవడ్డది గద, చూపియ్యంగనే రాయి. ఫోన్‌లనన్న చెప్పు, పిల్ల వింటె విననియ్యి.

రోజారమణి


షాద్‌నగర్
1 అక్టోబర్ 2023

వదినకు,

నంబరు దిగలేదు. పెరిగింది. బరువు అరకిలో తగ్గింది. నెల రోజులు గడువిచ్చారు. ఏం తింటోందో మెతుకు మెతుకూ రాసి తెమ్మన్నారు, అప్పటికీ ఇట్లాగే ఉంటే గొట్టం వేస్తారు.

ఉష నాకేమీ చెప్పలేదు. వాళ్ల టీచర్ చెప్పింది, సోమవారం, మంగళవారం వస్తే చాలు బాత్రూంకే పరుగెత్తుతోందని. ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను. నా గాజులు లెక్కపెడుతూ కూర్చుంది. చివరికి, "కడుపు నొస్తాందని చెప్తె డోనట్లు ఆపేస్తరు గద" అంది. రెండు నెలలుగా నొప్పి దాస్తోంది వదినా! తొమ్మిదేళ్ల పిల్ల!

సోమవారం, మంగళవారం. శనివారం నీ డబ్బా వస్తుంది. ఇంట్లో ఇంకేమీ మారలేదు. నేను వండేది అన్నం, జొన్నరొట్టె, పప్పు. ఇక నేను అడగక తప్పదు. మైదా లేకుండా అంత మెత్తగా ఎలా వస్తున్నాయి? రుచి కోసం, పిల్ల ముచ్చట కోసం ఒక గుప్పెడు కలిపావా? కలిపితే కలిపానని చెప్పు. ప్రేమతో చేశావనే అనుకుంటాను. కానీ చెప్పు.

ఇక పంపకు.

సుహాసిని


కొత్తకోట
8 అక్టోబర్ 2023

సుహాసినికి,

నా తమ్ముని బిడ్డకు నేను విషం పెట్టిన్ననా?

నాకు పిల్లలు లేరు. గా ఉషనే నా బిడ్డ అనుకున్న. చేతులు కాల్చుకున్న, నడుము పోంగ రుబ్బిన. ఇంట్ల మూడు నెలల సంది మైదా చిటికెడు లేదు. నమ్మకుంటె వచ్చి డబ్బాలు తెరిచి చూసుకో. గుప్పెడు కలిపినవా అని రాసిన చెయ్యి ఎట్లాడిందమ్మ నీకు? నీ ఇంట్ల జూస్కో, ఆ బేకరీ కాడ జూస్కో. నా మీదికెందుకొస్తవు?

నీ ఉత్తరం మీ అన్నకు చూపియ్యలె. చూపిస్తె ఇంక నీ గడప తొక్కడు.

రోజారమణి


కొత్తకోట
22 అక్టోబర్ 2023

సుహాసినీ,

నువ్వు జవాబు రాయలె. మంచిదైంది. ఇది చదివినంక రాయి, లేకుంటె ఎన్నటికి రాయకు.

నువ్వన్నదే నిజం. మైదా కలిసింది. కలిపింది నేనే.

బుధవారం మీ అన్న తువ్వాళ్లకు కొత్త పడుగు తీసిండు. నూలు పడుగుకు గంజి వెట్టాలె గద, లేకుంటె మగ్గం మీద పోగులు పిసపిస తెగుతయి. ఎప్పటి లెక్కనే పెరట్ల పొయ్యి మీద గంజి కాస్తున్న. బియ్యం గంజిల గిన్నెడు మైదా కలిపితె పోగు గట్టిగుంటదని ఏండ్ల సంది గట్లనే చేస్తం. మగ్గం అర్రల సంచి ఉంటది. ముంచి పోసిన, కలుపుతున్న. కలుపుకుంట కలుపుకుంట నా చెయ్యి ఆగిపాయె.

నేనెన్నడు దాన్ని తిండి అనుకోలె సుహాసినీ. వంటింట్ల ఉన్నదే మైదా నాకు. మగ్గం అర్రల ఉన్నది గంజి. పుట్టినకాడికెల్లి చూసిన, ఒక్కనాడు రెండు కలిపి చూడలె.

ఉరికి పోయి తువ్వాల ముక్క కోసి గిన్నెల నీళ్లల్ల పిసికిన. నీళ్లు తెల్లగైనయి. వేళ్లకు జిగురు. గా గుడ్డల్నే మూట గట్టిన. గా గుడ్డ మీదనే పరిచిన. ఒకసారి ఉతికినా పోతుండె! ఉతికిన గుడ్డ వాడుక గుడ్డ అయితదని, వాయికొక్క కొత్త ముక్క కోసిన. శుద్ధమని. వారం వారం పిల్లకు కొత్తగ పెట్టిన.

ఇంకొకటి చెప్త. ఇది తెలిసి నాలుగు దినాలైంది. మీ అన్నకు సుత చెప్పలె. చెప్పకుంటె ఎవరికెరుక? డోనట్లు ఆగిపాయె, పిల్ల మంచిగైతది, తప్పు బడి మీదికో బేకరీ మీదికో పోతది, నేను మంచిదాన్నే అయిత. గట్ల సుత అనుకున్న. ఇయ్యాల పొద్దుగాల తానం జేస్తుంటె నా మీద నాకే రోత పుట్టింది.

డాక్టర్లు మెతుకు మెతుకు రాయమన్నరన్నవు. గిదీ రాయి. పేగు కొయ్యకముందే రాసి చూపి. తిడితె తిట్టు, పడత.

రోజారమణి


షాద్‌నగర్
29 అక్టోబర్ 2023

వదినా,

నీ ఉత్తరం చదివి నలిపి పారేశాను. తర్వాత తీసి, మోకాలి మీద సాపు చేసి మళ్లీ చదివాను. కోపం రాలేదని అబద్ధం చెప్పను. గ్యాస్ కట్టేసి వంటింట్లో అటూ ఇటూ తిరిగాను.

డాక్టరమ్మకు చూపించాను. ఆమె రెండుసార్లు చదివింది. "ఇంతకాలం ఏ తల్లీ నాకు బట్ట సంగతి చెప్పలేదు" అని తన డైరీలో రాసుకుంది. గొట్టం ఇప్పుడొద్దంది. మూడు నెలలు చూద్దామంది. నువ్వు ఆ నాలుగు రోజుల మీద ఇంకో పది రోజులు ఆగి ఉంటే పిల్లను బల్ల మీద పడుకోబెట్టేవాళ్లు.

ఉషకు గుడ్డ సంగతి చెప్పాను. అదేమడిగిందో తెలుసా? "అత్తను తిట్టినవా?" అని. తిట్టానన్నాను. రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

ఇక నాది. ఆగస్టులో నీరసంగా ఉంది, ఎండలు అని రాశాను చూడు, ఆ రాసే రోజు అది తలుపు వెనక కడుపు పట్టుకుని వంగి నిలబడడం చూశాను. నన్ను చూసి నిటారుగా అయి నవ్వింది. ఏమైందంటే ఏం లేదంది. ఏం లేదు అన్న మాట పట్టుకుని నేను గట్టిగా అడగలేదు. ఏళ్ల తర్వాత అది తిండి చూసి సంతోషంగా ఉంది. ఆ సంతోషం ఆగిపోతుందని భయపడ్డాను. అది నొప్పి దాచింది, నేను చూపు దాచాను. నీకు తెలియక జరిగింది వదినా. నేను తెలిసి ఊరుకున్నాను. మరి నన్నెవరు తిట్టాలి?

నువ్వు వచ్చి ఇక్కడ, నా వంటింట్లో చేసిపెట్టు. నాకు నేర్పు.

సుహాసిని


కొత్తకోట
12 నవంబర్ 2023

సుహాసినీ,

నీ ఉత్తరం అందినంక మీ అన్నకు అన్ని చెప్పిన. మైదా సంచి తీస్కపోయి పక్కింటోళ్లకిచ్చిండు. ఇంక ఉత్త బియ్యం గంజే అంటున్నడు, పోగులు తెగితె తెగనియ్యి అని.

నేను మాత్రం రాను. నా గోర్లల్ల గంజి, నా ఎంటికలల్ల గంజి, కొంగు దులిపితె గంజి దుమ్ము. ముప్పై ఏండ్ల గంజి యాడ వోతది? గా పిల్ల నోటి కాడికి నా చెయ్యి పోనియ్య. చేసే తీరు రాసిన్న గద, నువ్వే చేసుకో. నా తమ్మునికి చెప్పు, నన్ను రమ్మని ఫోన్ చెయ్యొద్దని.

రోజారమణి


షాద్‌నగర్
4 ఫిబ్రవరి 2024

వదినా,

నువ్వు రానంటే ఉష ఊరుకుంటుందా? స్పీకర్ పెట్టి మరీ నీతో మాట్లాడింది. "అత్తా, నువ్వు మా ఇంటికొచ్చి తలతానం జెయ్యి, అమ్మ చీర కట్టుకో, గోర్లు నేను కత్తిరిస్త" అన్న రోజు నువ్వు ఫోన్‌లోనే ఏడ్చావు. డిసెంబర్‌లో నువ్వున్న ఆ పది రోజులూ అది నీ వేళ్లు పట్టుకుని ఒక్కొక్క గోరూ చూసింది. పరాచికం కాదు, నిజంగానే చూసింది. నువ్వు పిండి ముట్టకుండా పక్కన కూర్చుని చెబుతుంటే నేను చేశాను. చెయ్యి వెనక్కి కట్టుకుని "గట్ల గాదు, గట్ల గాదు" అని నువ్వు గింజుకుంటుంటే ఇద్దరం నవ్వాం.

నువ్వు వెళ్లాక ఆదివారం ఆదివారం నేనే చేస్తున్నాను. మూట కట్టడానికి ఇరవైసార్లు ఉడకబెట్టి ఉతికిన గుడ్డ. అయినా మూట విప్పినప్పుడల్లా వాసన చూస్తాను. భయం పోలేదు. పోతుందని కూడా అనుకోవడం లేదు, దాంతోనే వండడం నేర్చుకుంటున్నాను.

నిన్నటి సంగతి రాయాలనే కూర్చున్నాను. రక్తపరీక్ష కాగితం సోమవారం వస్తుందన్నారు. నిన్న మధ్యాహ్నం ఉష నా దగ్గరికొచ్చి కొంగు పట్టుకుంది. "అమ్మా, కడుపు నొస్తాంది" అంది.

నా ప్రాణం అక్కడే పోయింది. పిండి ఎక్కడ కొన్నాను, నూనె ఎప్పుడు తెరిచాను, మీ తమ్ముడు బయటి నుంచి ఏమైనా తెచ్చాడా, అన్నీ బుర్రలో గిర్రున తిరిగాయి. దాన్ని బండి మీద వేసుకుని దవాఖానకు పరుగెత్తాం. అక్కడికి పోయేసరికి కాగితం ముందే వచ్చి ఉంది. నంబరు సగానికి దిగింది. బరువు ఇరవై కిలోల మూడు వందలు.

నాకు అర్థం కాలేదు. మరి నొప్పి? డాక్టరమ్మ ఉషను అడిగింది, "ఏం తిన్నవ్ బిడ్డా?"

"డోనట్లు."

"ఎన్ని?"

ఉష నా వైపు చూసి, ముందు ఒక చెయ్యి చూపించింది, తర్వాత ఇంకో చేతి రెండు వేళ్లు. ఏడు! ఆదివారానికని ముందే చేసి పెట్టాను వదినా, మూత తీసి ఏడు తిన్నది. డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. మీ తమ్ముడూ నవ్వాడు. నేను ఆ కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నంబరు దిగినందుకని వాళ్లు అనుకున్నారు.

కాదు. అది నా దగ్గరికి నడిచొచ్చి, నేను అడగకుండా, తన నోటితో నొప్పి అని చెప్పింది. ఇన్ని నెలల్లో అదే మొదటిసారి.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద మా ఇద్దరి నడుమ కూర్చుని, నాకు మాత్రమే వినబడేట్టు, "చెప్పిన గద, మరి డోనట్లు ఆపవు గద?" అని అడిగింది. ఆపనన్నాను. నమ్మలేదేమో, మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను.

నీ మరదలు
సుహాసిని